క్లచ్ మీద కాలు

ఇంజిను అప్పుడే కట్టేయకూడదు. ఇంత ఉరుకు ఉరికి ఆగిన వెంటనే తాళం తిప్పేస్తే ఇంజినులోకి గాలి తోసే టర్బో ఇంకా నిప్పులా ఎర్రబడి ఉంటుంది, లోపల ఆయిలు మాడి బొగ్గవుతుంది, అందుకని కాసేపు ఊరికే తిరగనివ్వాలి, ఆ కాసేపూ తనూ లోపలే కూర్చోవాలి, హెల్మెట్ తీయకుండా, భుజాల మీది నుంచీ నడుము పక్కల నుంచీ వచ్చి పొట్ట దగ్గర కలుసుకున్న బెల్టులు విప్పకుండా. విప్పితే మళ్ళీ బిగించుకోవాలి, దానికి ఓపిక కావాలి, అది ఉదయం నిద్ర లేచినప్పటి నుంచే లేదు. ముందున్న అద్దానికి అతికించిన చిన్న పెట్టె మీద అంకెలు ఇంకా వెలుగుతున్నాయి. సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగానికి మూడు సెకన్ల పైన కాస్త. ఆ కాస్తను తీసేయడానికే ఈ ఆదివారం, ఈ ఎండ, విమానాలు దిగడం మానేశాక ఎవరికి కావాలంటే వాళ్ళకి పూటకింతని అద్దెకిస్తున్న ఈ పాత రన్‌వే, పగుళ్ళలో ఎండిపోయిన గడ్డి. కాస్త అంటే ఎంత? రెప్ప వేసి తీసేంత. మనిషి బతుకులో ఎన్ని రెప్పపాట్లు ఊరికే పోలేదు, ఈ ఒక్కటీ ఎందుకింత ప్రియమైందో అనుకుంది ఆమె, అనుకుని, ఆ ప్రశ్నకు జవాబు వెతికే ఓపిక కూడా లేక కళ్ళు మూసుకుంది.

అడుగుల చప్పుడుకు తెరిచింది. ఎదురుగా పిడుగు నడిచి వస్తోంది, రెండు చేతుల్లో రెండు ఐసు సంచులు, గ్రీజు మరకల ప్యాంటు, పైకెత్తి వైరు ముక్కతో ముడేసిన జుట్టు. పిడుగు అన్నది చిన్నప్పుడు ఇంట్లో వాళ్ళు పెట్టిన ముద్దుపేరు. ముప్పై అయిదు దాటినా, సొంతంగా షెడ్డు నడుపుతూ మామూలు కార్లని మామూలుగా ఉండనివ్వకుండా చేసి పంపిస్తున్నా, ఆ పేరు వదల్లేదు. ఈ కారుకీ అంతే, పెద్ద టర్బో, లావు పైపులు, బరువైన క్లచ్, ఇంజినుకు పెట్రోలు ఎప్పుడు ఎంత పోయాలో చెప్పే కంప్యూటరు, అన్నీ పిడుగు చేతివే, ఇప్పుడు దీన్ని చేసిన కంపెనీ వాళ్ళకు చూపిస్తే మా బండి కాదు పొమ్మంటారు. "ఇదిగో, బానెట్ తీస్తున్నా, వేడి కొడుతుంది, అద్దం ఎత్తుకో," అంది పిడుగు. ఆమె అద్దం ఎత్తుకుంది. ఇదిగో. కొన్ని వారాలుగా ఇదే. ఇదిగో, వింటున్నావా, మరేమో, ఒక్క నిమిషం. అంతకుముందు పిడుగు నోట ప్రతి మాటకూ ముందో వెనకో ఒక వదినా ఉండేది, వదినా టైర్లలో గాలి తగ్గించా, క్లచ్ మీది కాలు పక్కకి జార్చు వదినా, పైకెత్తకు, వదినా ఏమైనా తిన్నావా లేదా, కూరలో ఉప్పులా అది ఎక్కడ పడిందో తెలియకుండా పడిపోతుండేది. పోయిన నెలలో కోర్టువాళ్ళు విడాకుల కాగితాల మీద ముద్ర వేశాక, వాళ్ళన్నయ్యకీ తనకీ ఇక ఏ సంబంధమూ లేదని తేలాక, ఆ మాట ఆగిపోయింది. ఆగిపోయిందని మొదట తనకు తెలియలేదు. గోడ గడియారం ఆగితే వెంటనే తెలుస్తుందా, ఎప్పుడో టైము చూసుకున్నప్పుడు కదా.

ఐసు సంచులు ఇంజినులోకి పోయే గాలిని చల్లబరిచే పెట్టె మీద పడి బుస్సుమన్నాయి. బానెట్ అంచుల్లోంచి ఆవిరి లేచింది. ఆవిరి వెనక పిడుగు ముఖం ఒకసారి కనిపిస్తూ ఒకసారి పోతూ, మొట్టమొదటి రోజూ ఇలాగే కదా, బండి కదలకముందే బానెట్ ఎత్తి లోపలికి తలదూర్చింది. వారమంతా ఆమె పని డ్రైవింగ్ స్కూల్లో నేర్పడం, నేర్పడమంటే నిజానికి ఆపడం, నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో కూర్చుని తన కాళ్ళ దగ్గర తనకంటూ బిగించిన రెండో బ్రేకు మీద పాదం ఉంచి నెమ్మది, నెమ్మది, ఎదురుగా ఆటో ఉంది, నెమ్మది అని సాయంత్రం దాకా అంటూ ఉండటం. పిడుగు అక్కడికి నేర్చుకోవడానికి వచ్చింది. "మేడం, మీ బండి క్లచ్ అరిగిపోయింది, ముందు అది మార్పించండి, తర్వాత నేను నేర్చుకుంటా," అంది. నాలుగు వారాలు గడిచాక ఒక సిగ్నల్ దగ్గర, ఎర్ర లైటు మీద, అద్దంలో వెనక బళ్ళు చూసుకుంటూనే, "మేడం, మా అన్నయ్యని చేసుకుంటారా?" అంది. లైటు పచ్చగా మారింది, వెనక పది హారన్లు మోగాయి, పిడుగు బండి తియ్యదు, జవాబు కావాలి. "ముందు గేరు వెయ్యి," అంది తను. అదే ఒప్పుకున్నట్టని పిడుగు ఇంటికెళ్ళి చెప్పేసింది. మేడం పోయి వదిన వచ్చింది అలా. అంటే మొదట దొరికింది ఆడబిడ్డ, మొగుడు ఆ తర్వాత. పైగా వచ్చాడు కూడా ఆడబిడ్డ వెనకాల నిలబడి, జేబులో రెండు కళ్ళజోళ్ళు, చెడ్డవాడేం కాదు, కళ్ళజోళ్ళ షాపు, నెమ్మదస్తుడు, ఎప్పుడూ గొంతు పెంచలేదు. తొమ్మిదేళ్ళు కాపురం చేశాక ఒక రాత్రి అన్నం ముందు కూర్చుని, "నువ్వు ఇంటికొచ్చేసరికి నీలో ఏమీ మిగలట్లేదు," అన్నాడు. నిజమే కదా అనుకుంది. దెబ్బలాడి ఉండాల్సింది, లేదు మిగిలింది అని చూపించాల్సింది, కానీ ఆ రోజు ఎనిమిది మందికి నేర్పి వచ్చింది, అందులో ఒకాయన రెండుసార్లు డివైడర్ ఎక్కించాడు, కాళ్ళు లాగుతున్నాయి, ఇంకాస్త చారు పోసుకోండి అంది. అతను పోసుకున్నాడు. అంతే. పెద్ద పెద్ద సంగతులు అలాగే జరుగుతాయి కాబోలు, చారు పోసుకుంటూ.

"ఆ, రడీ," అని పిడుగు బానెట్ దించి చేత్తో చరిచింది. చరిచి, పక్కకు పోయి నిలబడింది, ఎప్పటిలా తల ఒక పక్కకు వంచి. బండి తయారుచేసినవాళ్ళు నడపకూడదంటుంది పిడుగు, బయట నిలబడి వినాలంటుంది, లోపల కూర్చుంటే భయమే వినిపిస్తుంది తప్ప ఇంజిను వినిపించదంటుంది. అందుకని వేగం చూసుకునే ప్రతిసారీ నడిపేది తనే. తేలిక మనిషివి, చెయ్యి వణకదు అని మొదట్లో బతిమాలేది, తర్వాత అదొక అలవాటైంది, వారమంతా ఆపే మనిషికి వారంలో ఒకరోజు ఆపకుండా పోవడం ఒకప్పుడు నిజంగానే బాగుండేది. ఇప్పుడు, ఇదిగో, ఎడమకాలితో క్లచ్ తొక్కింది, గేరు వేసింది, కుడికాలితో ఆక్సిలరేటరు నేలకు నొక్కింది. ఇంజిను ఒక హద్దు దాకా లేచి అక్కడ ఆగిపోయి రేకుల కప్పు మీద వడగళ్ళు పడ్డట్టు పటపటమంది, ఆ పటపటలో టర్బో గాలి నింపుకుంటోంది, మీటరు ముల్లు లేస్తోంది, ఇంకా, ఇంకా, ఇప్పుడు. ఎడమకాలు పక్కకు జారింది. వెనక చక్రాలు ఒక్క క్షణం నేలను గీరి పట్టుకున్నాయి, వెన్ను సీటులోకి దిగబడిపోయింది, కడుపు ఇంకా బయల్దేరిన చోటే ఉంది, బుగ్గలు చెవుల వైపు లాగుకుపోయాయి, రెండో గేరు, సన్నగా ఈల, రన్‌వే అంచుల గడ్డి ఒకటే గీత అయింది, మెడలో ఆ నరం, ఎప్పుడూ అదే నరం, కరెంటు తీగలా చురుక్కుమంది. వంద. కాలు తీసింది. టర్బో నిట్టూర్చింది, చుస్‌స్ మని, తనకంటే ముందే. పెట్టె మీద అంకెలు చూసింది. ఇందాకటి కంటే నయం. అయినా మూడు పైనే, వెంట్రుకవాసి.

నెమ్మదిగా తిప్పి బయల్దేరిన చోటికి తెచ్చి ఆపింది, మళ్ళీ ఊరికే తిరుగుతున్న ఇంజిను, మళ్ళీ కూర్చోవడం. పిడుగు ఐసు కోసం వ్యాను దగ్గరికి పోయింది. మడత కుర్చీలోంచి లేచి గొడుగు వేసుకుని కారు ఓనరు వచ్చాడు, పళ్ళ డాక్టరు, గుండ్రటి మనిషి, ఎంతో ముచ్చటపడి కొనుక్కున్న ఈ కారును క్లినిక్కుకు సైకిలు వేగంతో తీసుకెళతాడు, గట్టిగా తొక్కడానికి భయం, కానీ తొక్కితే ఎంత పోతుందో తెలిసి ఉండాలి ఆయనకి. కిటికీలోంచి మంచినీళ్ళ సీసా అందించాడు. "తాగండమ్మా. ఒక మాట చెప్పనా, మీరు బయల్దేరేటప్పుడు పళ్ళు బిగబడుతున్నారు. దవడ కండ నా కుర్చీలోంచే కనపడుతోంది. నిద్రలో కూడా కొరుకుతున్నారా?"

"తెలీదండి. చూసి చెప్పేవాళ్ళు లేరు."

ఆయన నవ్వబోయి, నవ్వొచ్చో లేదో తెలియక, గొడుగు ఇటు నుంచి అటు మార్చుకున్నాడు. "ఒకసారి క్లినిక్కి రండి, పళ్ళకి తొడుగు చేసిస్తా, రాత్రి పెట్టుకోవచ్చు. ఈ వారంలో వద్దులెండి, అందరికీ హడావిడి కదా, వచ్చే ఆదివారం ఆ అమ్మాయి వాళ్ళన్నయ్య పెళ్ళి, షెడ్డులో సామానంతా కూడా సర్దేస్తోంది పాపం, అందుకే నా బండి ఈ రోజే తేల్చేద్దామని..." అంటూ ఆమె ముఖం చూశాడు. హెల్మెట్లో ముఖం సగమే కదా కనపడేది, అందులో కళ్ళు. ఆ కళ్ళే చాలాయి. "మీకు చెప్పలేదా?" అన్నాడు మెల్లగా.

"చెప్పిందండి," అంది ఆమె. "మర్చిపోయాను."

అబద్ధమని ఆయనకు తెలిసింది. తెలిసినట్టు కనపడకుండా గొడుగుతో సహా వెనక్కి వెళ్ళిపోయాడు. మంచినీళ్ళు చల్లగా దిగాయి. కోపం వస్తుందేమోనని చూసింది, ఎవరో చుట్టం వస్తానన్నాడు వస్తాడో రాడో అని గుమ్మం వైపు చూసినట్టు. రాలేదు. అతను పెళ్ళి చేసుకోవడంలో తప్పేముంది, ఎవరో ఒకరు అన్నం వేళకు ఏదో కాస్త మిగిలి ఉన్న మనిషి దొరికి ఉంటుంది, మంచిదే. కానీ ఇంటి వెనకున్న షెడ్డు సర్దడం దేనికి, అందులో ఆ మూల తన పాత చెప్పులున్నాయి, గోడ మేకుకు తను వేసుకునే చేతి తొడుగులున్నాయి, అవి కొత్తావిడ కంటపడకూడదనేగా. అత్తగారు ఉన్న రోజుల్లో ఆ షెడ్డు గుమ్మంలో నిలబడి ఇద్దర్నీ తిట్టేది, ఒసే మీ ఇద్దరిలో ఎవరు ఇంటి పిల్లో ఎవరు పరాయి పిల్లో నాకు తెలీడం లేదే, ఎవర్ని తిట్టాలో తేల్చుకుని రండి అని. అదీ సంగతి. ఇప్పుడు తేలింది. అందుకే ఇదిగో. అందుకే ఈ ఉదయం వ్యానులో వస్తున్నంతసేపూ పిడుగు నోరు తెరిచి మూసుకుని, తెరిచి మూసుకుని, చివరికి టైర్ల గురించి మాట్లాడింది. ఈ బండి తేలిపోయాక సాయంత్రం చెబుతుందన్నమాట, ఇక రాకు అని, మెత్తగా, ఎలా చెప్పాలో తెలియక, చెప్పి ఏడుస్తుంది కూడా, అప్పుడు తనే ఓదార్చాలి. ఓదార్చడానికి కూడా ఓపిక కావాలి. నెమ్మది, నెమ్మది, ఎదురుగా ఆటో ఉంది.

"ఇదిగో, ఆఖరిసారి," అంది పిడుగు, ఐసు నీళ్ళు కారుతున్న చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ. "ఇది అయ్యాక కట్టేద్దాం. నీకు బాగానే ఉందా?"

"ఊఁ."

క్లచ్ తొక్కింది. గేరు వేసింది. కుడికాలు నేలకు నొక్కింది. వడగళ్ళ వాన మొదలైంది, ముల్లు లేచింది, ఇంకా లేచింది, నిలబడింది, ఇప్పుడు. ఎడమకాలు కదల్లేదు. కదలమని చెప్పింది, చెప్పినట్టే అనిపించింది, కాలు మాత్రం పెడల్ మీద వేరే ఎవరి కాలో అన్నట్టు ఉండిపోయింది. ఇప్పుడు కాలు జారిస్తే మళ్ళీ వెన్ను, మళ్ళీ మెడ, మళ్ళీ వంద, వంద దాకా పోయి ఏముంది అక్కడ, తిరిగి రావడమే కదా, పటపట తలలోకి ఎక్కుతోంది, బయట పిడుగు తల ఇంకా వంచి కళ్ళు చిట్లించింది, ఏదో తేడా వినిపించింది దానికి, ఇంజినులో కాదు. ఆమె కుడికాలు తీసేసింది. చప్పుడు ఒక్కసారి కూలిపోయింది. గేరు తీసింది, హెల్మెట్ తీసింది, బెల్టులు విప్పింది, తలుపు తీసుకుని దిగి, కారు కప్పు మీద చెయ్యి ఆనించి నిలబడింది.

పిడుగు పరిగెత్తుకొచ్చింది. "ఏమైంది? ఏదైనా విరిగిందా? క్లచ్ జారిందా?"

"ఏం విరగలేదు. అలిసిపోయాను."

"కాసేపు ఆగుదామా?"

"కాసేపు కాదు. నేనింక నడపను." అన్నాక ఆమెకే ఆశ్చర్యమేసింది, ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. "నువ్వు కూర్చో. నేను పక్కన కూర్చుంటా."

"నేనా? బయట ఎవరు వింటారు?"

"డాక్టరు గారు వింటారు. ఆయనకి చెవులున్నాయి. ఎక్కు."

పిడుగు ఎక్కింది, సీటు వెనక్కి జరుపుకుంది, తను కట్టిన కారులో తనే చుట్టంలా చుట్టూ చూసింది. ఆమె పక్క సీట్లో బెల్టు పెట్టుకుంది. ఇది తన చోటు, ఇరవై ఏళ్ళుగా తన చోటు. "తొక్కు. ఇంకా. భయపడకు, అది అక్కడే ఆగుతుంది, నువ్వే కదా ఆపమని చెప్పావు దానికి. ముల్లు చూడు. చూశావా? కాలు పక్కకి, పైకి కాదు, జార్చు." పిడుగు జార్చింది, కొంచెం తొందరపడింది, చక్రాలు పొగలు కక్కుతూ పక్కకు తూలాయి, ఆమె కుడిపాదం కారు నేలను, బ్రేకు లేని చోట, బలంగా నొక్కింది. కారు సర్దుకుంది, పోయింది. పిడుగు పెద్దగా అరిచింది, మాట కాదు, ఉత్త అరుపు, రెండో గేరులో కూడా అరుస్తూనే ఉంది. వంద దాటేసింది, ఆపడం మర్చిపోయింది. "కాలు తియ్యి, తల్లీ, రన్‌వే అయిపోతోంది," అంది ఆమె. రన్‌వే చివర, కంచె ముందు, కారు ఆగింది. పెట్టె మీద అంకెలు ఉదయం నుంచి వచ్చిన అన్నింటికంటే అధ్వాన్నంగా ఉన్నాయి. ఇద్దరూ వాటి వంక చూశారు.

"కట్టేయకు," అంది ఆమె, పిడుగు చెయ్యి తాళం మీదకు పోతుంటే. "తిరగనీ."

ఇంజిను తిరుగుతోంది. కంచె అవతల ఎవరో పొలం దున్నుతున్నారు. ఇద్దరికీ చెమటలు. "డాక్టరు గారు చెప్పారు," అంది ఆమె. "పెళ్ళి సంగతి."

పిడుగు స్టీరింగ్ మీద నుదురు ఆనించింది. "పళ్ళ డాక్టరు కదా. నోరు తెరిపించడమే ఆయన పని, తనది మాత్రం మూయడు."

"షెడ్డు సర్దేస్తున్నావట."

"అన్నయ్య అన్నాడు. షెడ్డు ఇంటి వెనకాలే కదా, వచ్చే మనిషికి ఇబ్బందిగా ఉంటుంది, నిన్ను ఇక్కడికి రానివ్వద్దు అన్నాడు."

"అందులో తప్పేం లేదు," అంది ఆమె. సిద్ధం చేసుకున్న మాటే అది.

"తప్పని నేనూ అన్లేదు. సరే రానివ్వను, నేనూ ఉండను అన్నాను." పిడుగు తల ఎత్తింది. "లారీల గ్యారేజి వెనక ఒక గోదాము ఉంది. పైన కారుతోంది, ఎలుకలున్నాయి. అక్కడికి మార్చేస్తున్నా. సగం సామాను వెళ్ళిపోయింది. నీ చెప్పులే ముందు వెళ్ళాయి, గుర్తుగా ఉంటాయని గుమ్మంలో పెట్టా."

ఉదయం నుంచీ ఒకటొకటిగా పేర్చి పెట్టుకున్నవన్నీ, ఓదార్పు మాటలతో సహా, ఎక్కడ పెట్టాలో తెలియని సామానులా అయ్యాయి. "నాతో ముందే చెప్పొచ్చుగా."

"చెప్తే వద్దంటావు. నా కోసం మీ అన్నతో చెడగొట్టుకోకు అని నీతులు చెప్తావు."

"చెప్పేదాన్నే."

"చూశావా. నాకు వినే ఓపిక లేదు. రాత్రుళ్ళు సామాను మోస్తున్నా, పగలు ఈ బండి. పెళ్ళికి మాత్రం వెళ్తాను. అన్నయ్య కదా. తిని వచ్చేస్తా."

"వెళ్ళు. బాగా తిను." ఆమె సీసాలో మిగిలిన నీళ్ళు పిడుగుకు ఇచ్చింది. "మరి ఈ ఇదిగో ఏంటి? నెల నుంచీ నన్ను ఇదిగో అంటున్నావు. నేనేమో..." అని ఆగిపోయింది.

పిడుగు మూతి తుడుచుకుంది. "వదిన అనే మాట ఇక ఆవిడది అన్నాడు అన్నయ్య. ఇప్పట్నుంచే అలవాటు చేసుకో, పెళ్ళిలో నోరు జారితే పరువు పోతుంది అన్నాడు. నేను ఒకే మాట ఇద్దరికి ఎలా పెట్టను? నిన్ను పిలవబోతే ఆవిడ అడ్డం వస్తోంది. ఆవిణ్ణి పిలవబోతే నువ్వు. మొన్న ఆవిడ ఎదురుగా వచ్చింది, ఆవిణ్ణి కూడా ఇదిగో అన్నా."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వితే మెడ నరం లాగింది, అయినా ఆగలేదు. "పేరు పెట్టి పిలువు పోనీ."

పిడుగు గొంతు సవరించుకుని ఆమె పేరు పలికింది, ఇంటిపేరుతో సహా. బ్యాంకులో కౌంటరు అవతలి నుంచి పిలిచినట్టుంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "ఛీ," అంది పిడుగు. "నువ్వేదో దొంగతనం చేసినట్టుంది."

"అక్కా అను."

"అక్కంటే నీ మాట వినాలి. చూద్దాంలే, ఏదో ఒకటి వస్తుంది నోటికి." పిడుగు కిటికీలోంచి రన్‌వే అటు చివర గొడుగు వైపు చూసింది. "నిజంగా ఇంక నడపవా?"

"నడపను. మెడ పోయింది. మనసూ లేదు."

"నడపకపోతే గోదాముకి రావా?"

ఆమె ఆలోచించింది. రావడానికి ఇన్నాళ్ళూ ఒక పని ఉండేది, పని ఉండటం వల్ల రావడం గురించి ఆలోచించాల్సిన అవసరమే రాలేదు. "వస్తాను," అంది. "వచ్చి ఊరికే కూర్చుంటా. ఏం చెయ్యను. ముందే చెప్తున్నా."

"కూర్చో. ఎలుకలకి తోడు," అంది పిడుగు, తాళం తిప్పి ఇంజిను కట్టేసింది. కట్టేశాక దున్నుతున్న ట్రాక్టరు చప్పుడు దగ్గరగా వచ్చింది.

డాక్టరు గారు చివరి అంకెలు వదిలేశాడు. అంతకుముందు ఆమె నడిపినప్పుడు వచ్చినవే తన అంకెలని తీసుకున్నాడు. "ఆ వెంట్రుకవాసి తగ్గకపోతే ఏమమ్మా," అన్నాడు, "నా ఇంటికీ క్లినిక్కుకీ మధ్య ఉన్న స్పీడ్ బ్రేకర్లన్నీ నాకు పేరుపేరునా తెలుసు." తర్వాత ఆమె వైపు చూడకుండా, నోరు జారినందుకు క్షమించమన్నాడు. ఆమె పళ్ళ తొడుగు కోసం ఏ రోజు రమ్మంటారని అడిగింది.

కారును ట్రెయిలరు మీదకు ఎక్కించి గొలుసులు బిగించేసరికి ఎండ నెత్తి మీదకు వచ్చింది. వ్యాను పిడుగు నడిపింది. ఆమె పక్కన కూర్చుని కిటికీ దించింది, వేడి గాలి, దుమ్ము, పెట్రోలు బంకు, టైర్ల షాపు, మూసి ఉన్న బడి గేటు, గోడ మీద ఆరేసిన దుప్పట్లు. ఎవరైనా నడుపుతుంటే పక్కన కూర్చుని నిద్రపోవడం ఆమె ఎరగదు, బస్సులోనూ ఎరగదు, మొగుడితో ఊళ్ళు తిరిగినప్పుడూ అతని భుజం ఖాళీగానే ఉండేది, తను రోడ్డు చూస్తుండేది, డ్రైవరు చూడనిది తను చూడాలన్నట్టు. ఇప్పుడూ చూస్తోంది, అదిగో మలుపు, అదిగో పాల వ్యాను, అదిగో ఎవరో రోడ్డు దాటుతున్నారు, పిడుగు చూసిందో లేదో, చూసే ఉంటుంది, నేర్పింది నేనే కదా. పిడుగు ఏదో చెబుతోంది, గోదాము తలుపు వెడల్పు గురించి, రేకులు మార్చే మనిషి రేపు వస్తానన్నాడని, కిటికీ పక్కన ఒక కుర్చీ వెయ్యాలని, చేతులున్న కుర్చీ, ఊరికే కూర్చునేవాళ్ళకి చేతులుండాలి కదా అని, ఆ గొంతు వినిపిస్తోంది, మాటలు మాత్రం ఒకటి విడిచి ఒకటి, తర్వాత రెండు విడిచి ఒకటి, తల కిటికీ అంచు మీదకు వాలింది, దవడ వదులైంది, ఇంకా ఎంత దూరం ఉందో అడగాలనుకుంది, ఎంతుంటేనేం, వచ్చాక తనే లేపుతుందిలే.